కారే చోట చిల్లు ఉండదు

పొక్లెయిన్ మానిటర్ మీద ఎర్రదీపం వెలిగి బండి ఆగిపోయిందంటే క్వారీలో ముందు పుట్టే ప్రశ్న ‘ఎవడు చేశాడు?’ అని. ‘ఏం పోయింది?’ అనే ప్రశ్న తర్వాతెప్పుడో వస్తుంది. ఆపరేటరా? హెల్పరా? రాత్రి డీజిల్ పోసిన కుర్రోడా? ఒక పేరు దొరికిందాకా ఓనరుకి ఊపిరాడదు. పేరు దొరికితే లోపం దొరికినట్టే లెక్క. ఆ పేరు ఎప్పుడూ కింది నుంచే దొరుకుతుంది. క్వారీ మేనేజర్ పేరు దొరకడం నేనింతవరకు చూడలేదు.

నేను మాదిగపల్లెలో పుట్టినోణ్ణి. 1990లో ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, ముందు లారీల వైరింగు, తర్వాత జేసీబీలు, పొక్లెయిన్ల కరెంటు పని చేస్తూ వచ్చాను. ఇప్పుడు యాభై దాటినయ్. ఇన్నేళ్ల పని నా ముందు మూడు ప్రశ్నలు పెట్టింది. తప్పును చెప్పినోడూ తప్పు చేసినోడూ ఒకడేనా? తప్పు గుర్తును చెరిపేస్తే తప్పు పోతుందా? కూలికి పనిచేసేవాడు ‘నేను చెరపను’ అనొచ్చా? ఈ ప్రశ్నలు వైర్ల మధ్య పుట్టినయ్. జవాబులు కూడా అక్కడే వెతికాను.

ముందు ఈ కోడు అంటే ఏమిటో చెప్పాలి. పొక్లెయిన్ అన్నది నిజానికి ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. మన దగ్గర ఏ కంపెనీ ఎక్స్‌కవేటర్ అయినా పొక్లెయినే, కొందరి నోట్లో ప్రొక్లైనర్. వెనకటి బండ్లలో కరెంటు పని అంటే బ్యాటరీలు, ఫ్యూజులు, స్టార్టరు, లైట్లు. అంతే. ఇప్పటి బండిలో ఇంజనుకొక కంట్రోలర్, హైడ్రాలిక్ పంపులకొక కంట్రోలర్, మానిటర్ ఒకటి. ఒళ్లంతా సెన్సార్లు. ఆయిల్ ప్రెషరు ఎంత, నీళ్ల వేడి ఎంత, ఇంజను ఎంత వేగంతో తిరుగుతోంది అని అవి ఆగకుండా కంట్రోలర్‌కి చెబుతుంటాయి. చెప్పిన మాటలో తేడా వస్తే కంట్రోలర్ ఒక అంకె రాసుకుంటుంది. అదే ఫాల్ట్ కోడ్. లోపం ఇంకా ఉంటే అది నడుస్తున్న కోడు. వచ్చి పోయిందైతే లోపల దాచిన కోడు.

కోడు రాత కంపెనీని బట్టి మారుతుంది. చాలా ఇంజన్లలో జే1939 అనే పద్ధతి ఉంది. అందులో రెండు అంకెలుంటాయి. మొదటిది ఏ సంగతి గురించో చెబుతుంది. రెండోది ఎలాంటి తేడానో చెబుతుంది. 100 అంటే ఇంజన్ ఆయిల్ ప్రెషరు. 100 పక్కన 1 ఉంటే, కొలత సరిగానే ఉంది, ప్రెషరే ప్రమాదమయ్యేంతగా పడిపోయింది అని అర్థం. వెంటనే ఇంజను ఆపాలి. లేకపోతే బేరింగులు పట్టేస్తాయి. అదే 100 పక్కన 4 ఉంటే, సెన్సారు లైనులో ఓల్టేజీ ఉండాల్సిన దానికన్నా తక్కువ ఉంది అని అర్థం. ఆయిలు బాగుందో లేదో అది చెప్పడం లేదు. ‘నా మాట మీకు సరిగా అందడం లేదు’ అని మాత్రమే చెబుతోంది.

మొదటిది ప్రమాదాన్ని కళ్లారా చూసినవాడి సాక్ష్యం. రెండోది నోరు నొక్కేసిన సాక్షి మూలుగు. ఓనరుకు ఈ రెండూ ఒకటే, ఒక ఎర్రదీపం. దీపం చూసి తీర్పు చెప్పేవాడికి ఈ తేడా ఎప్పటికీ అంతుబట్టదు. మొదటిదాన్ని రెండోది అనుకుంటే ఇంజను పోతుంది. రెండోదాన్ని మొదటిది అనుకుంటే మంచి సెన్సార్లు చెత్తకుప్పలో పడతాయి, వాటితోపాటు ఒక మనిషి కూడా.

చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ క్వారీలో ఇదే జరిగింది. చేతులు మారి మారి వచ్చిన బండి. ఉన్నట్టుండి ఇంజను వేగం తగ్గిపోద్ది, ఎర్రదీపం వెలుగుద్ది, కాసేపటికి మామూలైపోద్ది. ఎవరో కోడు చూసి ఆయిల్ ప్రెషర్ సెన్సారు పోయిందన్నారు. సెన్సారు మార్చారు. మూడ్రోజులకు మళ్లీ వచ్చింది. ఇంకోటి మార్చారు. మళ్లీ వచ్చింది. అప్పుడు సెన్సారు మీద నుంచి వేలు ఆపరేటర్ మీదికి తిరిగింది. పని ఎగ్గొట్టడానికి వీడే వైరు పీకుతున్నాడన్నారు. ఆపరేటర్ మాలపల్లె కుర్రోడు. రెండు సెన్సార్ల ఖరీదూ వాడి జీతంలో కోశారు.

నేను పోయి ముందు కోడ్లన్నీ కాగితం మీద రాసుకున్నాను. 100 పక్కన 4 ఉంది. దాని కింద 102 పక్కన 4 కూడా ఉంది. 102 అంటే ఇంజనులోకి పోయే గాలి ప్రెషరు. ఆయిలుకీ గాలికీ ఏం సంబంధం? సంబంధం వాటికి లేదు, వాటి కూటికి ఉంది. బ్యాటరీలు రెండూ కలిసి 24 ఓల్టులైనా, ఇట్టాంటి సెన్సార్లకు కంట్రోలర్ నుంచి 5 ఓల్టులే వస్తాయి. ఒకే 5 ఓల్టుల లైను మీద రెండు మూడు సెన్సార్లు బతుకుతుంటాయి. ఆ లైను ఎక్కడైనా ఇనుముకు తగిలితే దాని మీద బతికేవాళ్లందరికీ ఒకేసారి ఆకలి. అందరూ అరుస్తారు. జాబితాలో ఎవరి పేరు ముందు కనపడితే వాడే దొంగ.

లోపం వచ్చిన నిమిషంలోనే పట్టుకోవాలి. ఎర్రదీపం వెలిగినప్పుడు మీటరు పెట్టి చూస్తే 5 ఉండాల్సిన చోట ఒకటి కూడా లేదు. సెన్సార్లను ఒక్కొక్కటే ఊడదీస్తూ చూశాను. సెన్సారు లోపల షార్టయి ఉంటే, దాన్ని ఊడదీయగానే 5 ఓల్టులు తిరిగి రావాలి. అన్నీ ఊడదీసినా రాలేదు. అంటే సెన్సార్లలో తప్పు లేదు. మిగిలింది వైరింగు కట్ట. కట్టను చేత్తో పట్టుకుని జానెడు జానెడు కదుపుతూ పోతే ఇంజను వెనక ఒక బ్రాకెట్ దగ్గర మీటరులో అంకె ఎగిరింది. అక్కడ కట్టను పట్టి ఉంచాల్సిన రబ్బరు క్లాంపు లేదు. ఎప్పుడో పాత రిపేరులో తీసి మళ్లీ బిగించలేదు. ఏళ్ల తరబడి ఇనుముకు రాసుకుని రాసుకుని వైరు తోలు ఊడి రాగి బయటపడింది. వైరుకు కొత్త తొడుగు, టేపు, ఒక క్లాంపు. పని అయిపోయింది.

ఆ కుర్రోడికి కోసిన జీతం తిరిగిచ్చారా? ఇవ్వలేదు. ‘సరేలే, ఇకనన్నా జాగ్రత్తగా తోలు’ అన్నారు. తప్పు చేయనోడికి దొరికే క్షమాభిక్ష ఇట్టా ఉంటది.

మా నాయన చదువుకోలేదు. ఆయనకు ఓల్టు తెలవదు, తోలు తెలుసు. కపిల తోలే రోజుల్లో, బావిలోంచి నీళ్లు తోడే తోలు బానలు కుట్టేవాడు. తంగేడు చెక్క వేసి లందలో నానబెట్టిన తోలు. బాన కారితే రైతు ‘నీ కుట్టు పోయిందిరా’ అని గట్టు మీద నుంచే కేకేసేవాడు. నాయన ఆ మాట పట్టించుకోకుండా బాన నిండా నీళ్లు పోసి, వేలాడదీసి, కూర్చుని చూసేవాడు. ‘కారే చోట చిల్లుండదురా. చిల్లు పైనుంటది. నీళ్లు తోలెంబడి జారి కింద కారతయ్. తడి యెంబడి పైకి పో’ అనేవాడు. చాలాసార్లు కుట్టు బాగానే ఉండేది. బావి ఒరకు రాసుకున్న చోట తోలు అరిగి ఉండేది. ఒర రైతుది. మాట పడింది మాదిగోడు.

నాయన చెప్పిన ఈ పద్ధతికి ఇంగ్లీషు మాన్యువళ్లలో పెద్ద పెద్ద పేర్లున్నాయి. సారం ఒక్కటే. గుర్తు కనపడిన చోటి నుంచి కారణం ఉన్న చోటికి కొలుచుకుంటూ పోవాలి. కొలవకుండా పేరు పెట్టకూడదు. మా తాతతండ్రుల పనిలో చదువు లేదన్నవాళ్లు ఈ సంగతి వినాలి.

ఇంకో విచిత్రం చెబుతాను. బండిలో ప్రతి సెన్సారుకీ ఒక కోడుంది. అందరి కరెంటునూ తిరిగి బ్యాటరీకి చేర్చే ఎర్త్ కేబుల్‌కి మాత్రం చాలా బండ్లలో కోడు లేదు. దాని మొన తుప్పు పట్టినా, బోల్టు వదులైనా, జాబితాలో దాని పేరు రాదు. ఒకదానికొకటి పొంతన లేని కోడ్లు పది వస్తాయి. పదిమంది మీద నేరం రాసి ఉంటది, అసలు సంగతి ఎక్కడా రాసి ఉండదు. దాన్ని కొలిచే తీరు వేరు. ఇంజను స్టార్టు కొట్టేటప్పుడు మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, రెండో కొన ఇంజను ఇనుము మీద పెట్టాలి. అర ఓల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఆ దారి బాగాలేదు. పేరు లేనిదాన్ని ఇట్టా వెతికి పట్టుకోవాలి. అందరి బరువు మోసేదానికి పుస్తకంలో పేరు లేకపోవడం మనకు కొత్తేమీ కాదు.

చెప్పినోడి మీద పడటం క్వారీల్లో మొదలైంది కాదు. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జులైలో, మాదిగలు తాగే చెరువు నీళ్లను మురికి చేయొద్దని ఒక మాట అన్నారు. లోపం ఉన్న చోటును వేలు పెట్టి చూపారు. మర్నాడు, జులై 17న, ఆరుగురిని చంపారు. నీళ్లు మురికి చేసిన చెయ్యి ఎవరి కంటికీ ఆనలేదు, మురికైందన్న నోరు నేరమైంది. మనుషుల్ని సెన్సార్లతో పోల్చడం నాకిష్టం లేదు. సెన్సారుకు నొప్పి లేదు, పిల్లల్లేరు. కానీ పోల్చే పని ముందు మొదలుపెట్టింది మనం కాదు. నోరెత్తినోణ్ణి తీసి పారేస్తే అంతా సర్దుకుంటుందని నమ్మేవాడు మనిషినీ సెన్సారునీ ఒకే చూపుతో చూస్తాడు.

ఇక చెరపడం సంగతి. కోడు చెరపడం దానంతటది పాపం కాదు. రిపేరు చేశాక కోడు చెరిపి, బండి తోలి, మళ్లీ వస్తుందేమో చూడటం మంచి మెకానిక్కు చేయాల్సిన పని. మళ్లీ రాకపోతేనే రిపేరు నిజం. అదే బటను రిపేరు చేయకుండా నొక్కితే అబద్ధం. వేలు ఒకటే, బటను ఒకటే, పట్టే టైమూ ఒకటే. దాన్ని నిజం చేసేదీ అబద్ధం చేసేదీ అంతకు ముందు చేసిన పని.

సెకండ్‌హ్యాండ్ బండ్ల యార్డులో బండికి ముందు స్నానం చేయిస్తారు. తర్వాత రంగు, కొత్త స్టిక్కర్లు, సీటుకు కవరు. కొన్నిచోట్ల గంటల మీటరు కూడా మారుద్ది. చివర్లో కోడ్లు చెరుపుతారు. ఒక యార్డులో నన్ను ఆ చివరి పనికి పిలిచారు. ఓనరు నాకంటే పదిహేనేళ్లు చిన్న. నన్ను ‘నువ్వు’ అంటాడు, నేను ‘మీరు’ అనాలి. ‘మేస్త్రీ, లోపల ఏవో అంకెలున్నయంట, తుడిచెయ్. సాయంత్రం పార్టీ వస్తది’ అన్నాడు.

చూస్తే లోపల దాచిన కోడ్లన్నీ ఒకే రకం. ఇంజను కంట్రోలర్‌కూ పంపు కంట్రోలర్‌కూ మధ్య మాట తెగిపోయిందని, ముప్పై సార్లకు పైగా. ఈ కంట్రోలర్లు మాట్లాడుకునేది మెలేసిన రెండు వైర్ల మీద. క్యాన్ లైను అంటాం. దానికి రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లుంటాయి. బ్యాటరీ కనెక్షన్ తీసేసి ఆ రెండు వైర్ల మధ్య కొలిస్తే సుమారు 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగినట్టు. నేను కొలిస్తే 60 వచ్చింది. క్యాబిన్ కింద కట్టను కదిపితే 120 అయింది. వదిలితే మళ్లీ 60. ఈ జబ్బు యార్డులో గంటసేపు ట్రయల్ వేస్తే బయటపడదు. క్వారీలో, రాళ్ల కుదుపుల్లో, బకెట్ నిండా బరువున్నప్పుడు బయటపడుద్ది.

సాయంత్రం వచ్చిన పార్టీ ఎవరు? మా పక్కూరి పల్లె కుర్రోడు. పదేళ్లు ఇంకొకరి బండ్ల మీద ఆపరేటర్‌గా చేసి, భార్య బంగారం తాకట్టు పెట్టి, ఫైనాన్సు తీసుకుని సొంత బండి కొందామని వచ్చాడు. బండి ఆగినా ఫైనాన్సు వాయిదా ఆగదు. వాయిదాలు తప్పితే బండి పోద్ది, బంగారం పోద్ది, వాడు మళ్లీ ఇంకొకడి బండెక్కాలి.

ఓనరుతో ఒకటే చెప్పాను. ‘లైను బాగు చేస్తానండీ, చేశాక చెరుపుతాను. బాగు చేయకుండా చెరపను.’ ఆయన నవ్వాడు. ‘నీకు కూలిచ్చేది నేనా, వాడా?’ అన్నాడు.

ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. తోటి మెకానిక్కు ఒకడు, మనోడే, నాతో వాదించాడు. ‘అన్నా, నువ్వు నొక్కకపోతే ఇంకోడు నొక్కుతాడు. అమ్మేది వాడు, కొనేది వీడు, మధ్యలో మనమెవరం? తరతరాలు వాళ్లు చెప్పింది చేశాం. ఇప్పుడు పాపం మోసేది కూడా మనమేనా?’ ఈ మాటలో నిజం ఉంది. వెట్టి చేసినోణ్ణి వెట్టికి బాధ్యుణ్ణి చేయడం అన్యాయం. కడుపు కాలేవాడికి నీతి చెప్పడం కడుపు నిండినోళ్ల అలవాటు. ఇంట్లో పొయ్యి వెలగక బటను నొక్కిన మెకానిక్కును నేను దోషి అనను.

కానీ ఇంకో లెక్క కూడా ఉంది. ‘చెప్పింది చెయ్యి, ఆలోచించకు’ అనేది కులం మనకు పెట్టిన ఉద్యోగ నియమం. చేతులు మనవి, తల వాళ్లది. నేను చదివింది, మీటరు పట్టింది ఆ నియమం దాటడానికి. కొలిచి తెలుసుకున్నాక, తెలియనట్టు బటను నొక్కితే నా చేతుల్ని నా తల నుంచి నేనే నరుక్కున్నట్టు. తెలుసుకునే హక్కు కోసం కొట్లాడినోడికి తెలిసింది చెప్పే బాధ్యత కూడా వస్తది. ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తానంటే కుదరదు. పైగా ఆ అబద్ధం బరువు చివరికి ఎవరి మీద పడుద్ది? అమ్మినోడి మీద పడదు, చెరిపినోడి మీద పడదు. అప్పు చేసి కొన్నోడి మీద పడుద్ది. లైను తెగి బండి నిలిచిన రోజు నింద మోసే హెల్పరు మీద పడుద్ది. బరువు ఎటు జారుతుందో చూస్తే మనం ఎక్కడ నిలబడాలో తెలుస్తది.

కోడ్లూ కొలతలూ తెలుగులో రాసి ఓనరు చేతికే ఇచ్చాను. నకలు ఒకటి నా దగ్గర పెట్టుకున్నాను. కూలి తీసుకోలేదు. గేటు దగ్గర ఆ కుర్రోడు ‘అన్నా, బండి ఎట్టుంది?’ అనడిగాడు. చూసింది చెప్పాను, నకలు ఇచ్చాను. యార్డు గుట్టు బయటపెట్టావని నన్ను అన్నోళ్లున్నారు. వాడి నెత్తిన పడబోయే అప్పు వాడికి తెలియకుండా దాచడం ఏ ధర్మంలో ఉందో వాళ్లు చెప్పలేదు.

తర్వాత ఇంకొకాయన వచ్చి రెండు నిమిషాల్లో కోడ్లు చెరిపేశాడు. కుర్రోడు ఆ బండే కొన్నాడు. ఆ ధరకు వేరే బండి యాడ దొరుకుద్ది? కాకపోతే ఆ కాగితం ముందు పెట్టి, వైరింగు కట్ట మార్చే ఖర్చు ధరలో తగ్గించుకున్నాడు. ఆ యార్డు నుంచి నాకు మళ్లీ కబురు రాలేదు.

చెరపడం ఎందుకు సాధ్యమైంది? కొనేవాడికి చదవడం రాదని అమ్మేవాడికి తెలుసు కాబట్టి. లోతుగా చదివే సాఫ్ట్‌వేరు కంపెనీ డీలర్ల ల్యాప్‌టాప్‌లో తాళం వేసి ఉంటది. వైరింగు బొమ్మలు ఇంగ్లీషులో ఉంటాయి, బయటి మెకానిక్కు చేతికి సులువుగా అందవు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, ఇంట్లో వాడే వస్తువులు, మోటారు వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకుంది. మన్ను తవ్వే బండ్ల పేరు ఆ వరసలో లేదు. చదువు కొందరి సొత్తయితే మిగిలినోళ్ల గతి ఏమవుతుందో మనకు ఇంకొకరు చెప్పాలా? అయినా తాళం పడని చదువు కొంత ఉంది. చాలా బండ్లలో మానిటర్ మెనూలోకి పోతే కోడ్ల జాబితా కనపడుద్ది. 24 ఓల్టుల బ్యాటరీలు, 5 ఓల్టుల లైను, 60 ఓముల క్యాన్ లైను కొలవడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. ఒక మామూలు మీటరు చాలు.

మిత్రులారా, ఒక మాట మనకు మనం కూడా చెప్పుకోవాలి. ‘తప్పు మనిషిది కాదు, వ్యవస్థది’ అని మనం అలవాటుగా అనేస్తుంటాం. లైనులో తప్పుందన్నంత మాత్రాన ఎవరి తప్పూ లేనట్టు కాదు. ఆ రబ్బరు క్లాంపు దానంతటది ఊడిపోలేదు. ఎవరో తీశారు, తిరిగి పెట్టలేదు. బండి గంట ఆగితే నష్టమని వాణ్ణి తొందరపెట్టినోడు ఒకడుంటాడు. క్లాంపు కొనడానికి డబ్బులివ్వనోడు ఇంకొకడుంటాడు. కొలుచుకుంటూ పోతే దారి వైరు దగ్గర ఆగదు, మనిషి దాకా పోద్ది. ముందు పేరు పెట్టుకుని తర్వాత లోపం వెతకడం కులం పద్ధతి. లోపం ఎంబడి పోయి పేరు దగ్గరికి చేరడం న్యాయం పద్ధతి. మన సంఘాల్లో గొడవలొచ్చినప్పుడు మనం ఏ పద్ధతిలో పోతున్నామో ఒకసారి చూసుకోవాలి. ‘సభలో ఈ ప్రశ్న లేవనెత్తింది ఎవడు?’ అన్న మాట నేను మన మీటింగుల్లోనూ విన్నాను.

ఇప్పుడు నా షెడ్డులో ముగ్గురు కుర్రోళ్లు పని నేర్చుకుంటున్నారు. బండి దగ్గరికి పోగానే వాళ్లు స్పానరు పట్టకూడదు, పెన్ను పట్టాలి. తేదీ, బండి గంటలు, కోడ్లన్నీ వరసగా. ఏది నడుస్తోంది, ఏది దాచింది, ఎన్నిసార్లు వచ్చింది. ఆపరేటర్‌ని ‘ఏం చేశావ్?’ అని అడగకూడదు, ‘ఏం చూశావ్?’ అని అడగాలి. వాడు చెప్పింది వాడి మాటల్లోనే రాయాలి. తర్వాత కొలతలు. ఆ తర్వాతే విప్పడం. రిపేరు అయ్యాక కోడు చెరిపితే, చెరిపింది ఎవరో, అంతకు ముందు ఏం బాగు చేశారో కూడా రాయాలి.

ఆ నోటుబుక్కు తెలుగులో ఉంటది. బండి ఓనరు అడిగితే చూపిస్తాం. కొనేవాడు అడిగితే చూపిస్తాం. నింద పడ్డ ఆపరేటర్ వచ్చి అడిగితే ఆ పేజీ నకలు రాసి, కింద సంతకం పెట్టి ఇస్తాం.